దోవకు అడ్డంగా పచ్చి కొమ్మ

మా ఇంట్లో బడికి పోయింది మా తమ్ముడు ఒక్కడే. నాకు గొర్రెలు ఉండేవి. గొర్రెలకు సెలవులు ఉండవు కాబట్టి నాకు బడి లేదు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు, అందుకు ఎవరి మీదా కోపం కూడా లేదు. పెళ్ళయ్యాక రాతిపని, మా ఆయన పోయాక హోసూరు పక్కన గులాబీ తోటల్లో పువ్వులు కోసే పని. ఎప్పుడూ చేతులకు పని ఉండేది కానీ ఆ పనిలో పలక లేదు. మూడేళ్ళ క్రితం మా వీధిలోకి రిటైరైన తెలుగు టీచరమ్మ ఒకామె కాపురం వచ్చింది. చలికాలంలో ఆమెకు పితుకు పప్పు లేకుండా ముద్ద దిగదు. నానబెట్టిన అనపగింజల తోలు పితకాలంటే మాత్రం ఆమెకు గోళ్ళు నొప్పి. నేను గింజలు పితికి ఇస్తాను, నాకు అక్షరాలు చెప్పమని అడిగాను. ఆమె మొదట నవ్వింది, తరువాత పలక తెచ్చింది. నేను పితుకుతూ ఉంటే ఆమె రాసి చూపించేది. గింజల గిన్నె నిండాక చేతులు తుడుచుకుని నేను దిద్దేదాన్ని. మొదటి చలికాలం అయిపోయేసరికి గుణింతాలు వచ్చాయి. రెండోదానికి క్యాలెండరులో వారాల పేర్లు చదివాను. మూడోదానికి వాక్యం మొదలుపెడితే చివరిదాకా పోగలిగాను. అందుకే అరవై దాటాక రాస్తున్నాను.

రాయాలనిపించింది మొన్న మా మనవరాలితో కలిసి అడవిలో పోటీకి పోయి వచ్చాక. కావ్య నా కూతురి బిడ్డ. హోసూరులో కాలేజీకి పోతూ నా దగ్గరే ఉంటుంది. అది ఆడే ఆట పేరు ఓరియెంటీరింగ్. ఆ పేరు నా నోటికి తిరగడానికే వారం పట్టింది. ఆట మాత్రం సులభంగానే అర్థమైంది. చేతికి ఒక పటం, దిక్కు చూపే ముల్లు ఒకటి ఇస్తారు. అడవిలో అక్కడక్కడ నారింజ, తెలుపు రంగుల చిన్న జెండాలు కట్టి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో పటంలో గుర్తులు ఉంటాయి. వరస తప్పకుండా ఒక్కొక్కదాని దగ్గరికి పోయి, అక్కడ వేలాడే పంచ్‌తో చేతిలోని అట్ట మీద గుచ్చుకోవాలి. గడువు రెండున్నర గంటలు. అందరికంటే తక్కువ సేపట్లో వచ్చినవాళ్ళు గెలిచినట్టు. బస్సు కండక్టరు టికెట్టు గుచ్చినట్టే కదా అంటే, టికెట్టుకు పరిగెత్తే పని లేదవ్వా అన్నది కావ్య.

ఈసారి పోటీ జంటలకు. ఆడవాళ్ళలో మొదట వచ్చిన రెండు జంటలను రాష్ట్రం పోటీకి పంపుతారు. పోయిన ఏడు కావ్య మూడో స్థానంలో ఆగిపోయి, వారం రోజులు పళ్ళెంలో అన్నం కెలికి లేచిపోయింది. వచ్చే ఏటికి చదువు ముగిసి పనిలో చేరాలి, ఆడేందుకు ఇదే చివరి అవకాశం. ఆరు నెలలుగా తెల్లవారకముందే లేచి కెలవరపల్లి డ్యాం దాకా పరిగెత్తి వచ్చేది. తీరా పోటీ రోజు పొద్దున్నే జతగా ఆడే పిల్లకు విషజ్వరం అని ఫోను వచ్చింది. కావ్య ఒక బూటు వేసుకుని, ఇంకొకటి చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుండిపోయింది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చి ఊరుకునేదాన్ని. ఏడవకుండా బూటు దారం విప్పడం మొదలుపెట్టింది. అది చూడలేకపోయాను. జతగా వచ్చేవాళ్ళకు వయసు హద్దు ఉందా అని అడిగాను. పదహారు నిండితే చాలవ్వా అన్నది, ఎందుకు అడుగుతున్నానో తెలియక. పై హద్దు లేదా అన్నాను. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

పోటీ ఎక్కడో కూడా నాకు తెలుసు మరి. డెంకణికోట దాటాక ఊరి పోరంబోకు, దాన్ని ఆనుకుని నీలగిరి చెట్ల తోపు, దాని వెనక రాళ్ళగుట్ట, గుట్ట కింద వంక. మేము గొర్రెలు మేపిన చోటే. ఇరవై ఏళ్ళుగా ఆ పక్కకు పోలేదు.

అక్కడ అందరూ పిల్లలు, పొట్టి లాగులు, రంగురంగుల బూట్లు. నేను చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తోటలో పనికి వేసుకునే కాన్వాస్ బూట్లతో నిలబడ్డాను. వరసలో ముందున్న యువకుడు ఒకడు వెనక్కి తిరిగి, "పాట్టీ, వంద రోజుల పని ఈడ కాదు, చెరువులో" అన్నాడు తమిళంలో. పాట్టీ అంటే అవ్వ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఆడ కొలతలు తీసుకునేటోడు రాలేదప్పా, అందుకే ఈడికి వచ్చినాను" అన్నాను నేనూ తమిళంలోనే. ఈసారి వాడూ నవ్వాడు. పోటీ నడిపే సారు మా పేర్లు రాసుకుని, ఇద్దరూ కలిసే ప్రతి జెండాను తాకాలని, ఒకరు ముందుపోయి గుచ్చుకుంటే లెక్కకు రాదని రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నన్ను చూసి చెప్పాడు. తెల్లవారుజామునే ఫారెస్టు గార్డు తిరిగి చూసి వచ్చాడని, ఏనుగులు ఈ పక్క లేవని కూడా చెప్పాడు.

పటం చేతికి ఇచ్చాక నాకు కొంచెం బాధ కలిగింది. మూడు చలికాలాలు కష్టపడి నేర్చుకున్న అక్షరం ఒక్కటి కూడా ఆ కాగితం మీద లేదు. అన్నీ రంగులు, గీతలు, చుక్కలు. తెల్లగా ఉంటే పరిగెత్తగలిగిన అడవి, పచ్చగా ఉంటే గుబురు, పసుపుగా ఉంటే బయలు, గోధుమరంగు గీతలు గుట్ట ఎత్తు అని కావ్య గడగడా చెప్పింది. కాసేపు చూశాక ఆ గీతలు దగ్గర దగ్గరగా ముడుచుకున్న చోట మా జేజి ఆకువక్క నమిలిన బండ కనిపించింది. అంటే బండ కనిపించలేదు, అది అక్కడే ఉండాలని తెలిసింది.

మా నాయనను కన్న తల్లిని మేము జేజి అని పిలిచేవాళ్ళం. ఆమె ఇంట్లో ఉన్నట్టు నాకు జ్ఞాపకమే లేదు. పొద్దు పొడవకముందు మంద దగ్గర, పొద్దుగూకాక పొయ్యి దగ్గర, ఈ రెండు చోట్లే ఆమె ఉండేది. తడిసిన గొంగళి వాసన, గొర్రెపాలు పొంగి నిప్పుల్లో పడ్డ వాసన, ఉలవకట్టులో వేసిన వెల్లుల్లి వాసన కలిస్తే మా జేజి. తెల్లవారి లేవగానే ఆమె మాట్లాడేది కాదు. రాగిముద్దను ఆకులో చుట్టి నా ఒళ్ళో పెట్టి, ముక్కు పైకెత్తి గాలి ఎటునుంచి వస్తుందో చూసేది. ఆ రోజు మంద ఏ పక్కకు పోవాలో అప్పుడు తేలేది. ముందు నేను నడవాలి. నా వెనక మంద, మంద వెనక జేజి, అందరికీ వెనక గొర్రెపిల్లలతో మా తమ్ముడు. వాడికి ఆరేళ్ళు, అప్పటికింకా బడిలో వేయలేదు. పిల్లలు మెల్లగా నడుస్తాయి కాబట్టి వాడు ఎప్పుడూ కేక అందనంత దూరంలో ఉండేవాడు.

ముందు నడిచేవాళ్ళకు ఒక పని ఉండేది. దోవ రెండుగా చీలిన చోట, మనం పోని దోవకు అడ్డంగా ఒక పచ్చి కొమ్మ పెట్టాలి. కొడవలితో కోయకూడదు, చేత్తో విరవాలి. ఆకులున్న కొమ్మే కావాలి. గాలికి కొట్టుకుపోకుండా కొమ్మ మొదలు మీద ఒక రాయి పెట్టాలి. వెనక వచ్చేవాడు కొమ్మను చూస్తే చాలు, ఈ దోవ కాదు అని తెలుసుకుని రెండోదాంట్లోకి తిరుగుతాడు. మా వాళ్ళే కాదు, కట్టెలకు వచ్చేవాళ్ళు, తేనె తీసేవాళ్ళు, అందరూ అదే పెట్టేవాళ్ళు. ఆకు ఎంత వాడిందో చూసి, పెట్టినవాళ్ళు పోయి ఎంతసేపయిందో కూడా చెప్పగలిగేవాళ్ళం.

ఒకరోజు నేను ఎడమ దోవలో కొంత దూరం పోయాను. అక్కడ ఏనుగు లద్దె ఇంకా పొగలు కక్కుతూ ఉంది. భయపడి మందను వెనక్కి తోలుకొచ్చి కుడి దోవ పట్టించాను. ఆ తొందరలో కొమ్మ మరిచిపోయాను. జేజి కూడా మందను తిప్పే హడావిడిలో నేను పెట్టాననే అనుకుంది. తమ్ముడు గొర్రెల అడుగులు చూసి ఎడమకు పోయాడు. మధ్యాహ్నానికి గానీ మాకు తెలియలేదు. పొద్దుగూకే వేళకు ఒక బండ మీద దొరికాడు. రెండు పిల్లలను చంకల్లో ఇరికించుకుని, గొంతు పోయి, కేక కూడా వేయలేక కూర్చుని ఉన్నాడు. ఏనుగులు వాడి ముందునుంచే నీళ్ళకు పోయాయట. జేజి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మరుసటి రోజు నుంచి ఆమె ముందు నడిచింది, నన్ను గొర్రెపిల్లలతో వెనక పెట్టింది. వానలు వచ్చి పోయేదాకా అలాగే నడిపించింది. ఎవరూ ఏమీ అనకపోయినా, వెనక నడవడం ఎంత చిన్నతనమో ఆ వయసులో నాకు బాగా తెలిసింది.

ఇక పోటీ. ఈల ఊదగానే కావ్య పరిగెత్తింది, నేను నడిచాను. నా నడక గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు కానీ, అది ఆగదు. కావ్య పరిగెత్తి, ఆగి, పటం తిప్పి, ముల్లు చూసి, మళ్ళీ పరిగెత్తేలోపు నేను దాని పక్కన ఉండేదాన్ని. నీలగిరి తోపులో మొదటి మూడు జెండాలు కావ్య వల్ల దొరికాయి. ఆ చెట్లు నా కాలానివి కావు, అన్నీ ఒకే వరస, ఒకే లావు, నాకు దిక్కు తెలియలేదు. గుట్ట మీదివి నా వల్ల దొరికాయి. బండల మధ్య గొర్రె ఎటు ఎక్కుతుందో మనిషీ అటే సులభంగా ఎక్కవచ్చు. ఆరో జెండా దగ్గర ఇద్దరం ఒకే గుక్కలో నీళ్ళు తాగాము. కావ్య గడియారం చూసి, గుట్ట కింద ఎవరెక్కడున్నారో చూసి, మనకంటే ముందు ఒక్క జంటే ఉన్నారవ్వా అని గుసగుసగా చెప్పింది, గట్టిగా అంటే పోతుందేమో అన్నట్టు. ఏడోది కూడా గుచ్చుకుని వంక పక్కకు దిగాము.

అక్కడ దోవ చీలింది. ఎనిమిదో జెండాకు ఎడమ దోవ దగ్గర, పటం చూసినా అదే తెలుస్తుంది. కావ్య అటే తిరిగింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఎడమ పక్కన గుంత ఉంది. నా పెళ్ళయిన కొత్తల్లో రాయి బాగుంటుందేమో చూద్దామని అక్కడ తవ్వించారు. మా ఆయన గునపం వేశాడు, నేను గంపలతో రాతి చిప్పలు మోశాను. మూడు నిలువుల లోతు పోయాక రాయి పనికిరాదని వదిలేశారు. నేను చూపిస్తానని నాలుగడుగులు లోపలికి పోయాను. దోవ అటూ ఇటూ లాంటానా ముళ్ళకంప గుబురుగా పెరిగి, గుంత అంచు మీదికి పడుకుని, పైన నేల ఉన్నట్టే ఉంది. నేనొక రాయి విసిరాను. ఆకుల్లోంచి పోయి చాలాసేపటికి నీళ్ళలో పడిన చప్పుడు వచ్చింది. కావ్య రెండడుగులు వెనక్కి వేసింది.

కుడి దోవ పట్టేముందు నా చెయ్యి దాని పని అది చేసింది. కానుగ కొమ్మ విరిచి ఎడమ దోవకు అడ్డంగా వేసి, దాని మొదలు మీద రాయి పెట్టాను. ఇంతసేపూ అది చూస్తూ ఉన్న కావ్య, రెండు వందల అడుగులు పోయాక, పరిగెత్తుతూనే నవ్వింది.

"ఆ కొమ్మ ఇప్పుడు ఎవురికి తెలుస్తుందవ్వా? ఎవురో మేకలకు విరిచి పారేసినారు అనుకుంటారు."

నేను ఆగిపోయాను. అది నా తలకు తట్టనే లేదు. ఏడో జెండా దగ్గర మా వెనక ఇద్దరు ఆడపిల్లల గొంతులు విన్నాను. ప్లస్ టూ చదివే పిల్లలు, నీలం చొక్కాలు, పొద్దున వరసలో నా వెనకే నిలబడి చాక్లెట్టు సగం సగం చేసుకున్నారు. కృష్ణగిరి టౌనులో పుట్టి పెరిగినవాళ్ళు. కొమ్మ దాటి పోతారు. పటంలో అదే దగ్గర దోవ కదా.

తిరిగి పోతానన్నాను. కావ్య మొదట నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది. తరువాత దాని ముఖం మారింది. ఇక్కడినుంచే కేక వేద్దామన్నది. వేశాము, ఇద్దరం వేశాము. వంక చప్పుడు, గుట్ట అడ్డం, మా కేక మాకే తిరిగి వచ్చింది. వాళ్ళు చూసుకుని నడుస్తారులే అన్నది. నేను అప్పటికే వెనక్కి నడుస్తున్నాను. నా వెనక అది, "అవ్వా, టైమ్ పోతా ఉంది. అవ్వా, నాకు ఇంకోసారి లేదు" అన్నది. ఆ మాట వినపడనట్టు నడవడం నా వల్ల కాలేదు. ఆగి, దాని వైపు తిరిగాను. "నాకు తెలుసు తల్లీ. నువ్వు ఈడే కూర్చో, నేను పోయి వస్తాను" అన్నాను. అది ఒక్కతే పోయి గుచ్చుకుంటే లెక్కకు రాదు, ఈడ కూర్చున్నా నా వెంట వచ్చినా ఒకటే. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. అది నా వెనక వచ్చింది.

చీలిక దగ్గర కూర్చున్నాము. ఆ పిల్లలకు ఏడో జెండా దొరకలేదు కాబోలు, ఎంతకీ రాలేదు. కావ్య గడియారం చూడటం మానేసి, దాన్ని చేతి లోపలి పక్కకు తిప్పుకుంది. మా ముందునుంచి ఒక జంట కుడి దోవ పట్టి పరిగెత్తుకుంటూ పోయింది. కావ్య వాళ్ళను చూసి నేల చూసింది. దాని మెడ మీద చెమట చల్లారడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి ఆ పిల్లలు వచ్చారు, పటంలోకి చూస్తూ, నవ్వుకుంటూ. మమ్మల్ని చూడలేదు. ముందున్న పిల్ల ఎడమకు తిరిగి, కొమ్మను చూడకుండానే దాని మీదుగా కాలు వేసింది. నేను లేచి తమిళంలో, "అమ్మా, అటు పెద్ద గుంత ఉంది, ఇటు రండి" అన్నాను. వాళ్ళు ఉలిక్కిపడి, థ్యాంక్స్ పాట్టీ అని కుడికి పరిగెత్తారు. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు.

మిగిలిన జెండాలు మేము ఎలా గుచ్చుకున్నామో సరిగా చెప్పలేను. వంక వెంబడి దోవ చూడకుండా పోయాము. నా కాళ్ళకు ఆ ఇసుక, ఆ కానుగ వేళ్ళు జ్ఞాపకం ఉన్నాయి. ఒకచోట నేను కూడా పరిగెత్తాను, అది ఎవరూ చూడలేదు. మూడో స్థానంలో వచ్చాము. ఆ చీలిక దగ్గర కూర్చున్నదాంట్లో సగం సేపు చేతిలో ఉన్నా రెండోవాళ్ళమయ్యేవాళ్ళం.

నేను నీడలో కూర్చుని నీళ్ళు తాగుతూ ఉంటే, కావ్య పటం తీసుకుని సారు దగ్గరికి పోయింది. తన టైము గురించి మాట్లాడటానికి అనుకున్నాను. అది పటం మీద గుంత ఉన్న చోట వేలు పెట్టి చూపిస్తోంది. సారు ముఖం పాలిపోయింది. ఆయన ఆ చోట రెండుసార్లు నడిచి చూశాడట, గుంత మీద ఆకులే కనిపించాయట. వచ్చే నెల చిన్న పిల్లలకు ఇక్కడే ఆట పెట్టాలనుకుంటున్నామని చెప్పి, నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. టైము మాత్రం మార్చలేనమ్మా అన్నాడు. మార్చమని మేము అడగలేదు.

బస్సులో కావ్య కిటికీ పక్కన కూర్చుంది. సగం దూరం పోయాక నన్ను చూడకుండానే, "నేను నోరు మూసుకొని ఉండుంటే నువ్వు తిరిగి పోయేదానివి కాదు" అన్నది.

"నిజమే. నాకు తట్టేది కాదు" అన్నాను.

అది దానికి ఓదార్పు అయిందో, ఇంకొంచెం బాధ అయిందో నాకు తెలియలేదు. అబద్ధం చెప్పి ఉంటే తెలిసిపోయేది. ఇంటికి వచ్చాక రెండు ముద్దలు తిన్నది. పోయిన ఏడు తిననిది ఈసారి తిన్నది. అది చూసి నాకు కడుపు నిండింది.

మా జేజి కాలంలో ఆ అడవిలో తిరిగేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరు. కొమ్మ చదవలేనివాళ్ళూ ఎవరూ లేరు. ఇప్పుడు పిల్లలు పటం చూసి చీకటి గుబురులో కూడా జెండా పట్టుకుంటారు. నేను మూడేళ్ళుగా అక్షరాలకు అలవాటు పడ్డట్టే వాళ్ళు ఆ రంగులకు అలవాటు పడ్డారు. ఏది మేలు అని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ రోజులు పోయాయని నాకు దిగులు లేదు. తడిసిన గొంగళి కింద పడుకోవడం ఎవరికి కావాలి. అయితే మా చేతులతో తవ్విన గుంత అది. దాన్ని మూయకుండా వదిలేసింది మేమొక్కళ్ళమే కాకపోవచ్చు కానీ, మేము కూడా.

మరుసటి రోజు పొద్దున తోటకు సెలవు చెప్పి, కొడవలి గోనెసంచిలో చుట్టుకుని మొదటి బస్సుకు బయలుదేరాను. స్టాపులో కావ్య నిలబడి ఉంది, నేను గులాబీలు కోసే తోలు గ్లౌజులు రెండు జతలు చేతిలో పట్టుకుని. రమ్మని నేను అడగలేదు, ఎందుకు వచ్చావని కూడా అడగలేదు. కంప కొట్టేస్తానని ముందురోజే సారుకు చెప్పి ఉంటిని, ఆయన ఫారెస్టు గార్డుకు ఫోను చేసి ఉన్నాడు. గార్డు ఒక బండ మీద కూర్చుని, లాంటానా ఎంత కొట్టినా సంతోషమే, వేరే చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పాడు. నేను కొట్టాను, కావ్య లాగి కుప్ప వేసింది. కొట్టిన కంపను అంచు చుట్టూ వరసగా పేర్చి, పైన రాళ్ళు పెట్టాము. మధ్యలో ఒకసారి అది చేతులు నడుముకు పెట్టుకుని లోపలికి తొంగి చూసి, "ఇంత లోతు నువ్వూ తాతా తవ్వినారా?" అని అడిగింది. ముగ్గురు ఆడవాళ్ళం, ఐదుగురు మగవాళ్ళు అని చెప్పాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి గుంత నోరు పూర్తిగా బయటపడింది. దోవ చీలిక దగ్గరికి పోయి, అక్కడినుంచి వెనక్కి తిరిగి చూశాము. పటం లేకపోయినా, కొమ్మ లేకపోయినా, అది గుంత అని ఎవరికైనా తెలుస్తుంది. అప్పుడు కూర్చుని తెచ్చుకున్న ముద్ద తిన్నాము.